కాగితం మీద లేని పార్టీ
(మీ ప్రశ్నలకు ఒడిశా బరంపురం టీచరమ్మ జవాబులు)

పోయిన సంచికలో అమెరికాలోని ఒమాహాలో మా అమ్మాయి ఇంట గడిపిన ఆరు నెలల గురించి రాస్తూ, అక్కడి మేయర్ ఎన్నికలో బ్యాలెట్ మీద పార్టీ పేరు గానీ గుర్తు గానీ ఉండదని ఒక్క వాక్యం వేశాను. మంచు గురించి పేజీన్నర రాస్తే ఒక్కరూ పలకలేదు. ఈ ఒక్క వాక్యానికి మాత్రం పర్లాకిమిడి నుంచి జయపురం దాకా ఉత్తరాలు. అందుకని ఈ నెల నెలసరి బాధలు, పెళ్లి సంబంధాలు, పిల్లల మార్కులు అన్నీ వచ్చే సంచికకు వాయిదా. ఏమీ అనుకోకండి.

ప్రశ్న: గుర్తు లేకుండా ఎన్నికేమిటండీ? అది పార్టీలు లేని ఊరా? మా అబ్బాయి కూడా అక్కడికి దగ్గర్లోనే ఉంటాడు. ఫోన్లో అడిగితే "నాకు ఓటు లేదు నాన్నా, నేను పట్టించుకోలేదు" అన్నాడు. జనం ఎవరికి వెయ్యాలో ఎలా తేల్చుకుంటారు?
– ఒక రిటైర్డు గుమస్తా, పర్లాకిమిడి

జవాబు: పార్టీలు లేకేం అన్నయ్య గారూ, ఉన్నాయి. కాగితం మీదే లేవు.

ముందు ఊరి సంగతి. ఒమాహా అంటే న్యూయార్కో షికాగోనో కాదు. నెబ్రాస్కా రాష్ట్రంలో పెద్ద ఊరు, 2020 లెక్కల్లో 4,86,000 మంది. మన బరంపురం 2011 లెక్కల్లోనే మూడున్నర లక్షలు దాటింది కాబట్టి మనకు అందని కొలతేం కాదు. యూనియన్ పసిఫిక్ రైల్వే హెడ్డాఫీసు అక్కడే. వారెన్ బఫెట్ గారి ఊరూ అదే.

నేను 2025 ఫిబ్రవరిలో దిగాను. రోడ్ల పక్క మంచు కరిగేసరికి ఇళ్ల ముందు గడ్డిలో చిన్న చిన్న అట్టబోర్డులు మొలిచాయి. ఒక్కోదాని మీద ఒక్కో పేరు, అంతే. జెండా లేదు, గుర్తు లేదు, చేతులు జోడించిన ఫొటో లేదు. ఏప్రిల్ 1న మొదటి విడత. అయిదుగురు నిలబడ్డారు. ఎక్కువ ఓట్లొచ్చిన మొదటి ఇద్దరు మే 13న రెండో విడతకు వెళ్తారు. ఆ ఇద్దరూ ఒకే పార్టీ వాళ్లయినా అడ్డేమీ లేదు, ఎందుకంటే ఎన్నికల ఆఫీసు దృష్టిలో వాళ్లకసలు పార్టీయే లేదు. అలా చివరికి మిగిలినవారు జీన్ స్టాదర్ట్, జాన్ యూయింగ్. ఆవిడ ఒకప్పుడు నర్సు. 2013 నుంచి మేయరు, నాలుగోసారి అడుగుతున్నారు. ఆయన పోలీసు శాఖలో డిప్యూటీ చీఫ్ దాకా పనిచేసి, ఆ తర్వాత డగ్లస్ కౌంటీకి (మన జిల్లాలాంటిది) ట్రెజరరుగా ఉన్నవారు.

మా అమ్మాయి పక్కింట్లో ఒక ముసలావిడ ఒంటరిగా ఉంటారు. ఎనభై దాటాయి. నేను ఇక్కణ్ణుంచి పట్టుకెళ్లిన అప్పడాలు కాల్చి తీసుకెళ్తే, డైనింగు టేబుల్ మీద పోస్టులో వచ్చిన బ్యాలెట్ పరుచుకుని కూర్చున్నారు. కవరు, లోపలి కవరు, పొడుగాటి కాగితం, నల్ల పెన్ను, భూతద్దం. ముప్పై ఏళ్లు పోలింగు డ్యూటీ చేసినదాన్ని కదా, నా కళ్లు ఆ కాగితం మీదికే పోయాయి. మేయర్ అని రాసి కింద రెండు పేర్లు. పేరు పక్కన కోడిగుడ్డు ఆకారంలో చిన్న గడి. నచ్చినవారి గడిని పెన్నుతో నిండా నలుపు చెయ్యాలి. పేరుకు ముందూ వెనకా ఇంకేమీ లేదు. పరీక్ష పేపర్లో రెండు ఆప్షన్లు ఇచ్చినట్టుంది.

మేయర్ గడి దగ్గర ఆవిడ ఆలోచించలేదు, నింపేశారు. నేను తల తిప్పేసుకున్నాను. ఆ కిందనే కౌన్సిల్ సభ్యుడి పేరు దగ్గర పెన్ను ఆగింది. ఆ ఇద్దరూ ఎవరో తెలియదు. లేచి ఫ్రిజ్ దగ్గరికెళ్లి, అయస్కాంతం కింద పెట్టిన ఒక కార్డు తెచ్చుకున్నారు. ఆవిడ పార్టీ వాళ్లు పోస్టులో పంపిన కార్డది, ఎవరెవరు మనవాళ్లో వరసగా పేర్లు వేసి. కార్డు చూసుకుని, గడి నింపి, కార్డును మళ్లీ ఫ్రిజ్‌కు తగిలించారు.

మీ ప్రశ్నకు జవాబు ఆ ఫ్రిజ్ మీదే ఉంది అన్నయ్య గారూ. బ్యాలెట్ మీంచి తీసేసిన పార్టీ పోస్టు డబ్బాలోంచి ఇంట్లోకి వచ్చింది.

మేయర్ల విషయంలో ఆ కార్డు కూడా అక్కర్లేదు. కౌంటీ ట్రెజరరు పదవికి పార్టీ పేరు మీదే పోటీ. పైగా యూయింగ్ గారు 2012లో డెమోక్రాట్‌గా అమెరికా కాంగ్రెసుకు నిలబడి కొద్దిలో ఓడారు. స్టాదర్ట్ గారు రిపబ్లికన్ అని ఊరంతటికీ తెలుసు. టీవీ ప్రకటనల్లోనూ పార్టీల తగువే కనిపించింది. ఆవిడ తరఫున ట్రాన్స్‌జెండర్లు ఏ మరుగుదొడ్డిలోకి వెళ్లాలన్న తగువు ఎత్తుకుంటే, యూయింగ్ వైపు వాళ్లు ఆవిడ ధ్యాసంతా మరుగుదొడ్ల మీద, మావాడి ధ్యాసంతా రోడ్డు గుంతల మీద అని తిప్పికొట్టారు. నేను పగలబడి నవ్వాను. ఒమాహా గుంతలు నేను చూశాను, మా అల్లుడి కారు టైరు చూసింది. చలికి నీరు గడ్డకట్టి తారును పగలగొడుతుందట. మనకు వాన చేసే పని అక్కడ మంచు చేస్తుంది.

యూయింగ్ గారు గెలిచారు. ఓట్లేసి ఎన్నుకోగా ఆ కుర్చీ ఎక్కిన తొలి నల్లజాతి మేయరు ఆయనే. ఆవిడ ఆ రాత్రే ఓటమి ఒప్పుకున్నారు. మర్నాడు పేపర్లన్నీ ఏమని రాశాయి? డెమోక్రాట్ గెలిచాడనే.

ఇది చదివి ముక్కున వేలేసుకోనక్కర్లేదు. మీ అవతలి గట్టున, ఆంధ్రాలో సర్పంచి ఎన్నికలు పార్టీరహితమే. ఫలితాల మర్నాడు పేపరు తిరగెయ్యండి, "ఫలానా పార్టీ బలపరిచిన అభ్యర్థి" అని ఊరూరికీ లెక్క ఉంటుంది. మన ఒడిశాలోనూ వార్డు మెంబరు, సర్పంచి, సమితి మెంబరు ముగ్గురికీ పార్టీ గుర్తులుండవు. ఒక్క జిల్లా పరిషత్తుకే ఉంటాయి. అంటే పల్లె ఓటరు ఒకే రోజు నాలుగు ఓట్లు వేస్తే మూడింటికి పార్టీ లేదు, నాలుగోదానికి ఉంది.

2012లో నాకు పాత్రపురం బ్లాకులో డ్యూటీ పడింది. ఇచ్ఛాపురానికి కూతవేటు దూరం, ఊరంతా తెలుగే. మధ్యాహ్నం ఒక ముసలమ్మ వచ్చింది. కాగితాలు తీసుకుని అట్ట చాటుకు వెళ్లి, ఎంతకీ బయటికి రాలేదు. కాసేపటికి తల బయటపెట్టి, "మా గుర్తు అగుపడ్డం నేదమ్మా" అంది. ఏజెంట్లందరూ ఒక్కసారి లేచారు. నేను కూర్చోమన్నాను. జిల్లా పరిషత్తు కాగితంలో ఆమె గుర్తు దొరికింది, మొహం చేటంత అయింది. "మిగతా మూడూ కూడా ఇందులోనే ఏసీయనా?" అని అడిగింది.

ఏం చెప్పమంటారు? ఏ కాగితానికి ఆ కాగితమే అని రూలు చెప్పాను, అంతకు మించి నోరు విప్పకూడదు. "మా వోడు పైనుంచి రెండోదన్నాడు, పైనుంచా, కిందనుంచా..." అని తనలో తానే గొణుక్కుంటూ వెళ్లి ముద్ర వేసింది. ఒమాహా ముసలావిడకు ఫ్రిజ్ మీద కార్డు. మన ముసలమ్మకు కొడుకు చెప్పిన మాట.

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ పొలిటికల్ సైన్స్ చదువుతున్నాను. అసలు అమెరికాలో బ్యాలెట్ మీంచి పార్టీని ఎందుకు తీసేశారు?
– ఒక విద్యార్థిని, రాయగడ

జవాబు: మంచి ప్రశ్న తల్లీ. పరీక్షలో రాయాలంటే "ప్రోగ్రెసివ్ కాలం" అని మొదలుపెట్టు. కథగా వినాలంటే ఇలా విను.

వందా నూటపాతికేళ్ల కిందట అక్కడి నగరాల్లో పార్టీ అంటే ఉద్యోగాలిచ్చే దుకాణం. న్యూయార్క్‌లో టామనీ హాల్ అని ఒక ముఠా ఉండేది. వీధి ఊడ్చే ఉద్యోగం దగ్గర్నుంచి కాంట్రాక్టు దాకా వాళ్ల చేతుల మీదుగానే. ఓటేస్తే పని, లేకపోతే లేదు. మన ఒమాహా కూడా తక్కువ తినలేదు. టామ్ డెనిసన్ అని జూదం అడ్డాలు నడిపే పెద్దమనిషి, ఏ పదవికీ పోటీ చెయ్యకుండానే దాదాపు మూడు దశాబ్దాలు ఊరిని ఆడించాడు. అతని అండతో జిమ్ డాల్మన్ అనే ఒకప్పటి కౌబాయ్ విడతలు విడతలుగా ఇరవై ఏళ్లు మేయరుగా ఉన్నాడు.

ఈ రొంపి చూసి విసిగిన చదువుకున్నవాళ్లు, వ్యాపారులు 1894లో నేషనల్ మునిసిపల్ లీగ్ అని పెట్టుకున్నారు. మురుగు కాలువ తియ్యడానికి రిపబ్లికన్ పద్ధతి, డెమోక్రాట్ పద్ధతి అని వేరే ఉంటాయా అన్నది వాళ్ల వాదన. పార్టీ పేరు తీసేస్తే ముఠా వేళ్లు తెగుతాయనుకున్నారు. బోస్టన్‌లో 1909లో తీసేశారు. కాలిఫోర్నియాలో అయితే స్థానిక ఎన్నికలన్నీ పార్టీ లేకుండానే జరగాలని రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉంది. ఇవాళ ఆ దేశంలో ఎక్కువ నగరాలది ఇదే దారి. లాస్ ఏంజెలెస్, హ్యూస్టన్, షికాగో అన్నీ అంతే. న్యూయార్క్, ఫిలడెల్ఫియా మాత్రం ఇప్పటికీ పార్టీ పేరుతోనే నడుస్తాయి.

నెబ్రాస్కా వాళ్లు ఇంకో మెట్టెక్కారు. జార్జ్ నారిస్ అనే సెనేటర్ ఊరూరా తిరిగి చెప్పగా 1934లో జనం ఓటేసి, రాష్ట్ర శాసనసభకు కూడా పార్టీ తీసేశారు. రెండు సభలుంటే ఒకటి ఎత్తేశారు. 1937 నుంచి ఒకే సభ, బ్యాలెట్ మీద పార్టీ లేదు. ఇప్పుడు 49 మంది సభ్యులు. అమెరికాలో ఇంకే రాష్ట్రంలోనూ ఇలా లేదు. ఇది రాస్తే మీ మాస్టారు రెండు మార్కులు ఎక్కువే వేస్తారు.

మరి ఫలితం? నెబ్రాస్కాను పక్కనున్న కాన్సస్‌తో పోల్చి చూసిన పరిశోధకులకు తేలిందేమిటంటే, పార్టీ పేరు లేనిచోట ఓటేసేవాళ్లు తగ్గుతారు, వేసేవాళ్లు ఇప్పటికే కుర్చీలో ఉన్న తెలిసిన పేరును పట్టుకుంటారు. ఒమాహాలో మొన్న కుర్చీలో ఉన్నావిడే ఓడిపోయారు కదా అంటావేమో. అది నిజమే. కానీ అక్కడ పార్టీ ఎవరికీ దాగలేదని పైన చెప్పాను. పేరు తెలియని కౌన్సిల్ గడి దగ్గరే పక్కింటావిడ పెన్ను ఆగింది, గుర్తుంచుకో.

ప్రశ్న: మా అల్లుడికి అమెరికాలో పదకొండేళ్లు, ఇల్లు కొన్నాడు, పన్ను కడతాడు. మేయరుకు ఓటెయ్యొచ్చా?
– ఒక గృహిణి, గుణుపురం

జవాబు: పౌరసత్వం వచ్చిందా వదినా? రాకపోతే లేదు. వీసా మీదున్నా, గ్రీన్ కార్డున్నా ఒమాహాలో ఓటుండదు. పొరపాటున పేరు నమోదు చేసుకుంటే చిక్కుల్లో పడతారు, అల్లుడికి చెప్పండి. మా అమ్మాయి ఇంట్లో ఓటుహక్కుకు పనికొచ్చే మనిషి మనవరాలొక్కతే, అక్కడే పుట్టింది కనుక. దానికింకా ఆరేళ్లు.

ప్రశ్న: మేయరుకు అక్కడ నిజంగా అధికారం ఉంటుందా, లేక మనలాగే పెత్తనం అంతా కమిషనరుదేనా? పనిచెయ్యని మేయరును దించగలరా?
– ఒక కాంట్రాక్టరు, జయపురం

జవాబు: కాంట్రాక్టరు గారు అధికారం ఎక్కడుందో అడగడంలో ఆశ్చర్యం లేదు!

ఒమాహాలో మేయరే యజమాని. బడ్జెట్ తయారుచేసేది, శాఖల పెద్దల్ని వేసేది ఆయనే. కౌన్సిలు ఏడుగురే. మా బరంపురంలో కార్పొరేటర్లు 42 మంది. ఊరు చూస్తే అదే పెద్దది. ఇక్కడ వీధికొకరు, అక్కడ పేటకొకరు. అందుకే అక్కడ కౌన్సిల్ సభ్యుడి మొహం చాలామందికి తెలియదు.

అన్నిచోట్లా ఇలా ఉండదు. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్ ఫ్రిస్కోలాంటి ఊళ్లలో మేయరు సమావేశానికి పెద్ద, రోజువారీ నడిపేది సిటీ మేనేజరు. మన కమిషనరులాంటివాడే, కాకపోతే పైనుంచి ప్రభుత్వం వెయ్యదు. కౌన్సిలే జీతానికి పెట్టుకుంటుంది, నచ్చకపోతే పంపేస్తుంది. ఒహాయోలో డేటన్ అనే ఊరు 1913 వరదలో మునిగిపోయాక, ఇక రాజకీయం చాలు, ఊరు నడపడం తెలిసినవాణ్ణి తెచ్చుకుందామని మేనేజరును పెట్టుకుంది. అది చూసి చాలా ఊళ్లు ఆ దారి పట్టాయి.

దించడం సంగతి: ఒమాహాలో సంతకాలు కూడగడితే మధ్యలోనే ఓటింగు పెట్టించొచ్చు. జిమ్ సటిల్ అనే మేయరుకు 2011 జనవరిలో ఆ గండం వచ్చింది. వెంట్రుకవాసిలో గట్టెక్కారు. 2013లో ఎటూ స్టాదర్ట్ గారి చేతిలో ఓడిపోయారనుకోండి.

ప్రశ్న: ఆంధ్రా, ఒడిశా రెండూ తమదేనంటున్న మా కొటియా వైపు రెండు రాష్ట్రాలూ పంచాయతీ ఎన్నికలు పెడతాయి. ఏ పార్టీ అన్నది కాదు, ఏ రాష్ట్రం అన్నదే మా ప్రశ్న. దీని మీద రెండు ముక్కలు రాయండి.
– పొట్టంగి నుంచి ఒక పాఠకుడు

జవాబు: నిజమే బాబూ. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రా వాళ్లు కొటియా ఊళ్లలో సర్పంచి ఎన్నికలు జరిపితే ఒడిశా సుప్రీంకోర్టుకెళ్లింది. మరుసటేడు ఒడిశా పంచాయతీ ఎన్నికలు. పార్టీ లేని బ్యాలెట్ గురించి పేజీలు నింపుతున్న నాకు మీ ఉత్తరం చెంపపెట్టే. రెండు రాష్ట్రాల ఓటరు చీటీలూ ఉన్న ఇంట్లో ఎవరెవరు ఎటు వెళ్తారో మీరే వివరంగా రాయండి, వేస్తాను.

ప్రశ్న: 2022లో మన బరంపురంలో మేయరును నేరుగా ఎన్నుకున్నాం. పార్టీలు లేకుండా పెడితే ఊరు బాగుపడుతుందని మా వాకింగ్ బ్యాచ్‌లో అందరి మాట. మీరేమంటారు?
– ఒక వ్యాపారి, గేటు బజారు, బరంపురం

జవాబు: మన ఊరివాడివి, మొహం చూసుకోవాల్సినవాడివి. అయినా చెబుతాను.

2022 మార్చి 24న మనం రెండు మీటలు నొక్కాం. ఒకటి మేయరుకు, ఒకటి కార్పొరేటరుకు. అంతకు ముందు కార్పొరేటర్లే మేయరును ఎన్నుకునేవారు. నేరుగా ఎన్నుకోవడం నాకూ నచ్చింది. కానీ మేయరు మీట పక్కన పార్టీ గుర్తు తీసెయ్యమంటే నేను ఒప్పుకోను. 42 వార్డుల ఊళ్లో మేయరుకు నిలబడ్డ మనిషిని ఎంతమంది చూసి ఉంటారు? మీ వాకింగ్ బ్యాచ్‌లో అందరికీ అందరూ తెలుసు. ఏ అభ్యర్థి వెనక ఎవరున్నారో గోపాలపురం రోడ్డు మీద నడుస్తూనే తేల్చేసుకుంటారు. మా పనిమనిషికి ఆ బ్యాచ్ లేదు. గుర్తు చదువురానివాళ్లకు అక్షరం. ఆ అక్షరం చెరిపేస్తే, కనుక్కునే దారి ఉన్నవాడు కనుక్కుంటాడు, లేనివాడు "పైనుంచి రెండోది" అంటాడు.

కార్పొరేటరు సంగతి వేరు. అక్కడ గుర్తు లేకపోయినా నాకు దిగుల్లేదు. మా వీధిలో మురుగు కాలువ మీద సిమెంటు పలక ఎవరో పనివాళ్లు లేపి, పక్కన నిలబెట్టి వెళ్లిపోయారు. పదకొండు నెలలైంది. రాత్రి పూట సైకిళ్లు పడుతున్నాయని నేనే దాని మీద ఎర్ర లంగా గుడ్డ ఒకటి కట్టాను. వచ్చే ఎన్నికలకు ఎవరొచ్చి తలుపు కొట్టినా ముందు ఆ పలక దగ్గరికి తీసుకెళ్తాను. ఏ పార్టీవని అడగను.

ప్రశ్న: ఇంత చెప్పారు కదా టీచరమ్మా, మీకు ఒమాహాలో ఓటుంటే ఎవరికి వేసేవారు?
– అదే వ్యాపారి, ఉత్తరం అడుగున పెన్సిలుతో

జవాబు: పాత్రపురం ముసలమ్మ అంత బతిమాలితేనే చెప్పలేదు.